సరిహద్దు కొండల్లో కొత్త క్రైస్తవ సంఘం: మొదలుపెట్టేవాళ్లకు నా మాట

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కుర్ర సేవకులు ఒడిశా రాయగడ జిల్లాలోని మా గుణుపూర్ వస్తుంటారు. చేతిలో ఫోను, ఫోనులో మ్యాపు. "అయ్యగారూ, ఒడిశా మీద దేవుడు భారం పెట్టాడు, యాభై సంఘాలు కట్టాలని దర్శనం" అంటారు. సంతోషమే. కూర్చోబెట్టి టీ ఇచ్చి నేనడిగేది ఒక్కటే: "ఏ ఊళ్లో, ఎవరింట్లో నీకు అన్నం పెడతారు తమ్ముడూ?" చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. ఆ జవాబు ఎలా సంపాదించుకోవాలో, ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. రాయగడ, గజపతి జిల్లాల్లో తెలుగు, కువి (కోందుల భాష), సవర భాషలు కలిసే చోట తిరిగేవాణ్ణి కాబట్టి ఇక్కడి సంగతే చెబుతాను. మీది జయపురమో, మల్కన్‌గిరో అయితే మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "మా మినిస్ట్రీకి ఇన్ని బ్రాంచీలు" అనే లెక్క నాకు రుచించదు. మీరు పోయినా, మంచాన పడినా నడిచే సంఘం ఒక్కటి నిలబడాలి. ఆ సంఘం మీరు చెప్పకుండానే ఇంకో ఊరికి మనిషిని పంపాలి. దర్శనం పెరిగిందని నేను అప్పుడు ఒప్పుకుంటాను. కింద రాసినవన్నీ ఆ లెక్కతో ఎంచుకున్నవే.

ఊరు ఎంచుకోవడం

మ్యాపులో చర్చి గుర్తు లేనంత మాత్రాన అక్కడ సంఘం లేదనుకోకండి. ఈ కొండల్లోకి సువార్త నిన్నమొన్న రాలేదు. జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్ మిషనరీలు 1882లో వచ్చి సాలూరు, కోరాపుట్, జయపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. 1928లో ఏర్పడిన జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఆ పనిలోంచి వచ్చిందే. ఇటు పర్లాకిమిడి, సెరంగో వైపు కెనడియన్ బాప్టిస్టులు. 1874లో కాకినాడలో తెలుగు పని మొదలుపెట్టింది వాళ్లే. సవర కొండల్లో తాతల కాలం నుంచి ఉన్న బాప్టిస్టు సంఘాలకు ఇవాళ సొంత పాస్టర్లు, సొంత పాటలు, సొంత పండుగలు ఉన్నాయి. అలాంటి ఊరికి పోయి, పాత సంఘంలో అలిగి కూర్చున్న నాలుగు కుటుంబాలను పోగేసి, ఎదురుగా ఇంకో బోర్డు పెట్టి "కొత్త సంఘం మొదలైంది" అని రిపోర్టు రాసేవాళ్లు ఉన్నారు. దాన్ని నేను సంఘ స్థాపన అనను, చీలిక అంటాను. రోమా పత్రిక 15వ అధ్యాయం 20వ వచనం తీసి చదువుకోండి. ఒకరు వేసిన పునాది మీద తాను కట్టనని పౌలు అంత గట్టిగా ఎందుకు చెప్పాడో ఇక్కడికొస్తే తెలుస్తుంది.

అందుకని మొదట ఆ సమితిలో (బ్లాకులో) ఉన్న పాత పాస్టర్లను కలవండి. బ్యానరు, కెమెరా, వెంట పదిమంది వద్దు. ఒక్కరే వెళ్లి, "మీకు వెళ్లాలని ఉండి కుదరని ఊరు ఏదండీ?" అని అడగండి. ముసలి పాస్టర్లకు ఇలాంటి ఊరు ఒకటి తప్పకుండా మనసులో ఉంటుంది. మోకాళ్లు సహకరించక ఆగిపోయినవాళ్లు వాళ్లు. వాళ్లు పేరు చెప్పి పంపిన ఊరికి వెళ్తే మీకు వేలు పట్టుకుని నడిపించే పెద్ద ఒకరు దొరికినట్టే. రేపు ఏదైనా తేడా వస్తే మీ తరఫున మాట్లాడేదీ ఆయనే.

వానాకాలంలో ఆ ఊరు చేరగలరా లేదా కూడా చూసుకోండి. జనవరిలో బండి మీద వెళ్లిన దారి ఆగస్టులో ఉండదు. వాగు పొంగితే నెలరోజులు మీరు వెళ్లలేరు. నన్నడిగితే అదొక లోపమేం కాదు. మీరు లేనప్పుడు వాళ్లే కూడుకోవడం అలవాటవుతుంది. కానీ ముందే తెలిసి ఉండాలి.

సంత భాష, ఇంటి భాష

గుణుపూర్ సంతలో తెలుగు బాగా నడుస్తుంది. చింతపండు, పసుపు, చీపుళ్లు అమ్ముకోవడానికి దిగే కువివాళ్లు, సవరలు బేరం తెలుగులో ఆడతారు, ఒడియాలో ఆడతారు. అది చూసి మనవాళ్లు "తెలుగు అందరికీ వచ్చు" అనుకుని అదే భాషలో గంటన్నర ప్రసంగిస్తారు. వింటారు, తల కూడా ఊపుతారు. కానీ సంతలో బేరమాడే భాషలో వచ్చిన దేవుణ్ణి సంతలోనే వదిలేసి కొండెక్కుతారు. బిడ్డకు జ్వరం వస్తే తల్లి ఏ భాషలో ఏడుస్తుందో ఆ భాషలో ప్రార్థన నడవాలి.

నేర్చుకోవడానికి కోర్సులు వెతకనక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరలను ఇంటికి పిలిపించుకుని వాళ్ల దగ్గర సవర నేర్చుకున్నారు. ఆ భాషలో పాఠాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు, నిఘంటువూ తయారుచేశారు. ఆయన వెళ్లింది చదువు కోసం, మనం వెళ్లేది వేరే పని మీద. కానీ పద్ధతి మాత్రం అదే. కొండ కుర్రాడెవరైనా గుణుపూర్‌లో కాలేజీ చదువుతుంటే మీ ఇంట్లో భోజనం పెట్టి, రోజూ ఒక గంట అతని దగ్గర శిష్యరికం చేయండి. మొదటి సంవత్సరం ప్రసంగాలు చేయకపోయినా నష్టం లేదు.

కరపత్రాలు అచ్చు వేయించే తొందరలో ఉన్నవాళ్లకు ఒక మాట. సవర భాషలో బైబిలు ఉంది. కానీ ఒడిశా బాప్టిస్టు సంఘాల్లో దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో చదువుతారు. బడికెళ్లిన పిల్లలు ఒడియా లిపి చదువుతారు. ఆంధ్ర వైపు సవరలకు తెలుగు లిపి అలవాటు. ఇవిగాక 1936లో మంగై గొమాంగో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి ఉంది, దాన్ని పూజనీయంగా చూసే ఊళ్లు ఉన్నాయి. ఊరు చూడకుండా పదివేల కాగితాలు వేయిస్తే పకోడీల పొట్లాలకు పనికొస్తాయి. నేనైతే కాగితం కంటే మెమరీ కార్డు నమ్ముతాను. వాక్యం, పాటలు వాళ్ల భాషలో రికార్డు చేసి ఇస్తే పొలం గుడిసెలో కూడా వింటారు.

పాటల విషయం కూడా ఇంతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలంటే నాకు ప్రాణం. కానీ ఆ రాగాలు కొండ మీద మొదటి రోజే మొదలుపెట్టకండి. ఒక రాత్రి ఒక కువి ఇంట్లో తప్పిపోయిన గొర్రె కథ చెప్పాం. మధ్యలో పొయ్యి, చుట్టూ చీకటి, ఇంటావిడ ఒక మూల కూర్చుని మొక్కజొన్న గింజలు వలుస్తోంది. కథ అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ వలుస్తూనే సన్నగా ఏదో పాడటం మొదలుపెట్టింది. నాట్ల పాట బాణీ అట. మాటలు మాత్రం గొర్రెవి. ఏ వాగు దగ్గర తప్పిపోయింది, ఏ ముళ్లపొదలో చిక్కింది, కాపరి ఏ గట్టు దిగాడు, అన్నీ ఆ ఊరి పేర్లతో పెట్టేసింది. రెండో చరణానికి పక్కింటి అమ్మాయి గొంతు కలిపింది. ఆ ఊరి సంఘం ఇవాళ్టికీ అదే పాడుతుంది. నా కీబోర్డు ఆ ఊరికి తీసుకెళ్లే అవసరం రాలేదు.

మొదటి ఇల్లు, మొదటి కూడిక

లూకా 10వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన పద్ధతికి మించినది నాకు కనబడలేదు. ఇల్లిల్లూ తిరగకండి, మిమ్మల్ని చేర్చుకున్న ఇంట్లో ఉండండి, పెట్టింది తినండి. పెట్టేది చోడి అంబలి కావచ్చు, చీమల పచ్చడి కావచ్చు. జీలుగు కల్లు పోస్తే మాత్రం "నాకు పడదమ్మా" అని చెప్పండి. "పాపం" అని ఆ పూటే క్లాసు పీకకండి.

ఊరి పెద్దకు తెలియకుండా ఏ ఇంట్లోనూ కూర్చోవద్దు. సవర ఊళ్లో గమాంగ్ ఉంటాడు, పూజలు చూసే బుయ్య ఉంటాడు. కోందుల ఊళ్లో పూజలు చూసే జాని ఉంటాడు. వాళ్లతోపాటు వార్డు మెంబరుకూ చెప్పండి, మీ ఊరు, పేరు, ఆధార్ అడిగితే చూపించండి. పూజారిని చులకన చేసి మాట్లాడే సేవకుణ్ణి నేను వెంట తీసుకెళ్లను. మర్యాద సంగతి అటుంచి, ఆ ఊళ్లో సగంమంది ఆయనకు అల్లుళ్లో, మేనల్లుళ్లో అవుతారు.

కూడిక సమయం మీ బస్సు టైము చూసి కాకుండా వాళ్ల పని చూసి పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చీకట్లోనే బుట్టలు పట్టుకుని అడవికి పోతారు. ఆ రోజుల్లో ఆదివారం ఉదయం ఆరాధన అంటే ముసలాళ్లు, మీరు మిగులుతారు. కోతలప్పుడు కాపలాకు పొలం గుడిసెల్లో పడుకుంటారు. రాత్రి ఏడు గంటలకు అన్నం తిన్నాక పెట్టుకుంటే ఊరంతా ఉంటుంది. చైత్ర పర్వం రోజుల్లో పోటీగా మీటింగులు పెట్టకండి.

కూడికలో ఏం చేయాలి? ఒక్క కథ. మార్కు 5వ అధ్యాయంలో సమాధుల్లో తిరిగే మనిషి కథతో నేను మొదలుపెడతాను. దయ్యాలు, చేతబడి, రాత్రి భయాలు వాళ్లకు రోజూ ఉన్నవే కాబట్టి చెవులు రిక్కిస్తారు. కథ చెప్పండి. ఇంకొకరిని మళ్లీ చెప్పమనండి. వాళ్లు వదిలేసింది ఇంకొకరు అందిస్తారు. తర్వాత రెండు ప్రశ్నలు: ఈ కథలో దేవుడు ఎలాంటివాడు? ఇది నిజమైతే రేపు మనం ఏం చేయాలి? అంతే. వచ్చే వారం మీ కంటే ముందు వాళ్లే ఆ కథ చెప్పాలి. చదువురాని పెద్దలతో సంఘం నడవాలంటే ఇదే దారి. మూడు పాయింట్ల ప్రసంగం గుర్తుపెట్టుకుని తిరిగి చెప్పేవాణ్ణి నేను పట్నంలోనే చూడలేదు. మైకు వద్దు. ఆ ఇంట్లోవాళ్లకు వినబడితే చాలు.

జ్వరం వచ్చినవాళ్లకు ప్రార్థన చేయండి, చేయకుండా ఉండలేం. కానీ ఇది మలేరియా దేశం. ఆశా దీదీ దగ్గర రక్తపరీక్ష చేయించి మాత్రలు మింగించండి. "ప్రార్థన చేశాం, మందులు మానెయ్" అన్న సేవకుడి చేతిలో ప్రాణాలు పోతాయి.

చట్టం తెలియకుండా వాగు దాటొద్దు

ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. అక్కడ అలవాటైనట్టు ఇక్కడా బాప్తిస్మాలు ఇచ్చేస్తారు. ఒడిశాలో 1967 నుంచి మత స్వాతంత్య్ర చట్టం ఉంది. 1972లో హైకోర్టు కొట్టేసినా, 1977లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తీర్పిచ్చింది. బలవంతంగా, మోసంతో, ఆశపెట్టి మతం మార్చడం నేరం. ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ, ఎస్టీల విషయంలో అయితే రెండేళ్ల వరకు జైలు, 10,000 వరకు జరిమానా. మనం వెళ్లే ఊళ్లలో ఉన్నది వాళ్లే కాబట్టి ఈ రెండో లెక్కే గుర్తుపెట్టుకోండి.

ఇందులో "బలవంతం" అంటే కర్ర పట్టుకోవడం ఒక్కటే కాదు. దేవుడి కోపం చూపించి భయపెట్టడం, ఊరి నుంచి వెలి వేస్తామనడం కూడా అందులోకి వస్తాయి. "నమ్మకపోతే నీ బిడ్డ బతకడు" అనే ప్రసంగీకులు ఈ ముక్క చదవాలి. వాక్యం ప్రకారం చూసినా ఆ మాట తప్పే. "ఆశ పెట్టడం" అంటే డబ్బు, వస్తువు, ఏ లాభమైనా సరే. కాబట్టి దుప్పట్లు, బియ్యం, పిల్లలకు హాస్టలు సీటు, ఇవేవీ సువార్తతో ఒకే సంచిలో పెట్టకండి. సాయం చేయాలనుంటే ఊరందరికీ, నమ్మనివాళ్లకూ, పంచాయతీ ముందు చేయండి. ఆ రోజు ప్రసంగం వద్దు.

1989 నియమాల ప్రకారం మతం మారాలనుకున్న మనిషి ముందుగా ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు దగ్గర తన ఇష్టంతోనే మారుతున్నానని ప్రకటన ఇవ్వాలి. కార్యక్రమం జరిపించే పాస్టరు తేదీ, సమయం, స్థలం, మారేవాళ్ల పేర్లు, చిరునామాలు 15 రోజుల ముందు కలెక్టరుకు తెలియజేయాలి. తెలియజేసిన కాగితం కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దాచండి. చట్టాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి బాప్తిస్మానికి ముందు జిల్లా కోర్టులో పనిచేసే లాయరును ఒకసారి అడగండి. వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డు చూసి నిర్ణయం తీసుకోవద్దు. టెన్షన్‌గా ఉంటుంది, నిజమే. "ఇంత తతంగమా" అని ఆగిపోయేవాళ్లు ఉంటారు. ఆగనివ్వండి. తొందరపెట్టి నీళ్లలో ముంచితే ఆ మనిషికీ కష్టం, సంఘానికీ కష్టం.

కుల ధృవపత్రం సంగతి కూడా బాప్తిస్మానికి ముందే విప్పి చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్టీలకు ఆ షరతు లేదు, ఏ మతంలో ఉన్నా ఎస్టీలే. "తర్వాత చూసుకుందాం, కాగితం మీద పాత మతమే ఉంచు" అని సలహా ఇచ్చే పాస్టర్లంటే నాకు కోపం. కొత్త విశ్వాసి మొదటి అడుగే అబద్ధంతో వేయించడం ఏం పరిచర్య? పరిణామం తెలిసి, భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకుని, తర్వాత నిర్ణయించుకోనివ్వండి.

గొడవ చేయడానికి ఎవరైనా వస్తే వాదనకు దిగకండి, ఫోను తీసి వీడియో తీయకండి. వార్డు మెంబరును పిలవండి, ఆడవాళ్లను, పిల్లలను ఇంట్లోకి పంపండి, కూడిక ఆపేయండి. దెబ్బలు తగిలితే ఆస్పత్రి కాగితాలతో స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 2008లో పక్కనున్న కంధమాల్‌లో జరిగింది ఇక్కడి పెద్దవాళ్లకు బాగా గుర్తుంది. ఊళ్లో శాంతి ఉండటం మీకంటే వాళ్లకు ఎక్కువ అవసరం.

డబ్బు, స్థలం

పిడికెడు బియ్యం పద్ధతి మన తెలుగు సంఘాల్లో అందరికీ తెలిసిందే. వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్క కుండలో వేస్తారు, ఆదివారం తెచ్చి ఇస్తారు. కొండ మీద బియ్యం బదులు చోళ్లు, కందులు, జీడిపిక్కలు వస్తాయి. మొదటి కూడిక నుంచే ఇది మొదలుపెట్టండి. "పేదవాళ్లు, వాళ్ల దగ్గర తీసుకోవడమేంటి" అని జాలిపడే సేవకులు ఆ ఊరిని ఎప్పటికీ తమ మీద ఆధారపడేలా చేస్తారు. మా వైపు ఒక ఊళ్లో వితంతువు ఒకావిడ ప్రతి వారం రెండు గుడ్లు తెస్తుంది. వేలం వేస్తాం. ఎవరు కొన్నా తిరిగి ఆవిడ మనవడికే ఇస్తారు, ఆవిడ కసురుకుంటుంది, అందరూ నవ్వుతారు. డబ్బు మాత్రం పెట్టెలో పడుతుంది. ఆ పెట్టె తాళంచెవి నా దగ్గర లేదు.

సంఘానికి స్వయంపోషణ, స్వయంపాలన, స్వయంవ్యాప్తి కావాలని ఇంగ్లండులో హెన్రీ వెన్, అమెరికాలో రూఫస్ ఆండర్సన్ 19వ శతాబ్దంలోనే చెప్పారు. మూడింట్లో మొదటిది పట్టు దొరకకపోతే మిగతా రెండూ మాటలకే పరిమితం. స్థానిక పెద్దకు బయటి డబ్బుతో నెలజీతం ఇచ్చారంటే, జీతం ఆగిన నెల సంఘం ఆగుతుంది. ఆయన చేను ఆయన దున్నుకుంటూ సంఘం చూసుకోనివ్వండి. ప్రయాణ ఖర్చు, ట్రైనింగ్ రోజు భోజనం ఇవ్వండి, చాలు.

విదేశీ డబ్బు ఎవరైనా పంపిస్తానంటే మీ సొంత ఖాతా నంబరు ఇవ్వకండి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్‌బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఒక సంస్థ అందుకున్నది ఇంకో సంస్థకు పంచడం కూడా కుదరదు. "అన్నా, నా ఖాతాకు వేయించు, తర్వాత సర్దుకుందాం" అనేవాళ్లకు నేను దూరం. మీ సంఘాల తరఫున ఖాతా కావాలంటే 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయించి, ఇద్దరి సంతకాలతో తెరవండి. మీరు, మీ భార్య, మీ బావమరిది కలిసి కమిటీ అయితే అది సొసైటీ అనిపించుకోదు.

ఇక మందిరం. రాయగడ, కోరాపుట్, నబరంగ్‌పూర్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతం. గజపతిలో కొంత భాగం. 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం అక్కడ ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాళ్ల చేతికి పోవడం కుదరదు. మీ పేరు మీదో, మీ సొసైటీ పేరు మీదో రాయించుకుందామనుకోకండి. తెల్లకాగితం మీద వేలిముద్రలు వేయించుకోవడం ఇంకా ఘోరం. విశ్వాసి పెరట్లో వాళ్ల స్థలంలోనే, వాళ్ల పేరుతోనే పందిరి వేసుకోండి. ఆ స్థలం అడవి శాఖదా, ఇంటి పట్టాదా అని ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) దగ్గర అడిగి తెలుసుకోండి. మట్టి గోడ, పెంకు కప్పు, పేడ అలికిన నేల. ఊరి ఇళ్ల కంటే గొప్పగా కనబడే మందిరం కడితే ఎవరి డబ్బు అని ఊరంతా అడుగుతుంది. అడగడం న్యాయమే.

ఇంటివాళ్ల గురించి ఒక మాట: దోమతెర లేకుండా కొండెక్కకండి, పిల్లల బడి మధ్యలో మార్చకండి, మీ ఇంటావిడను అడగకుండా రాత్రి మకాంలు పెట్టుకోకండి.

వియ్యం దారి

మొదట్లో మా సంఘమంతా పట్నంలోని తెలుగు కుటుంబాలే. కొట్లవాళ్లు, టీచర్లు, డ్రైవర్లు. నా దర్శనం కూడా ఆ వీధులంతే ఉండేది. పట్నం సంఘం బియ్యం మూట, ఒక సైకిలు ఇచ్చి కొండ మీదికి పంపాక చూపు కాస్త సాగింది. కానీ ఎక్కడికి ఎలా పోవాలో నేర్పింది మాత్రం కొండ మీది ఆడవాళ్లు.

కోందులు సొంత వంశంలో పెళ్లి చేసుకోరు. అందుకని ఊళ్లో కోడళ్లంతా వేరే ఊళ్ల పిల్లలే, ఊరి ఆడపిల్లలంతా వేరే ఊళ్ల కోడళ్లే. ఒక రాత్రి కూడిక అయ్యాక నేల మీద బొగ్గుముక్కతో గీయమన్నాం: మీ అమ్మగారి ఊరు ఏది, మీ ఆడపడుచును ఎక్కడిచ్చారు, పండక్కి ఎవరింటికి పోతారు? గీతలు ఎటెటో పోయాయి. రోడ్డు పక్క ఊళ్లను వదిలేసి, రెండు కొండల అవతల ఊరికి నాలుగు గీతలు. నా ఫోనులో ఆ ఊరికి దారే లేదు. వాళ్లకు మాత్రం అది పుట్టిల్లు. అప్పటి నుంచి ఏ సంఘంలోనైనా పెద్దలను ఏర్పరచాక మేం చేసే మొదటి పని ఈ గీతలు గీయించడమే. మీరూ చేసి చూడండి. మీరు పోతే కొత్త మనిషి, గుమ్మం దగ్గర నిలబడి పరిచయం చెప్పుకోవాలి. ఆ ఇంటి ఆడపిల్ల తన బిడ్డను చంకనేసుకుని పోతే నేరుగా పొయ్యి దగ్గర కూర్చుంటుంది.

పెద్దలను ఏర్పరచడం ఆలస్యం చేయకండి. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం 23వ వచనం చూడండి. పౌలు, బర్నబా ఆ సంఘాలను విడిచి వచ్చిన దారినే తిరిగి వెళ్తూ ప్రతి సంఘంలో పెద్దలను పెట్టారు. ఎంతమందికి బైబిలు కాలేజీ సర్టిఫికెట్ ఉందో అక్కడ రాయలేదు. బాగా మాట్లాడే కుర్రాణ్ణి ఎంచుకోవాలని మనసు లాగుతుంది. కానీ అతను సంక్రాంతి దాటగానే కేరళ పనులకు పోతాడు. ఊళ్లో ఉండేవాళ్లను, అప్పు తీర్చేవాళ్లను, ఇంట్లో చెయ్యెత్తనివాళ్లను చూడండి. ఒక్కరిని కాకుండా ఇద్దరు ముగ్గురిని కలిపి పెట్టండి. కేరళ పోయే కుర్రాణ్ణి వదిలేయమని కాదు. అక్కడ ఒకే గదిలో పదిమంది మన జిల్లావాళ్లు ఉంటారు. కథలన్నీ మెమరీ కార్డులో పెట్టి, ప్రార్థన చేసి, అతన్నీ మనం పంపిన సేవకుడిగానే లెక్కేయండి.

దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారని అంటారు. పాస్టర్లతో మాత్రమే కాదు, పాలేర్లతో, కూలీలతో. ఆ అలవాటు మేం తెచ్చుకున్నాం. బాప్తిస్మం అయిన రాత్రే ఆ మనిషి తన వాళ్లలో ఎవరికి చెబుతాడో పేర్లు చెబుతాడు, పెద్దలు ఆ పేర్ల కోసం ప్రార్థిస్తారు.

రెండో ఊరికి ఇలా వెళ్లండి. మొదటి ఊరి పెద్ద, ఆ ఊరి ఆడపడుచు ముందు నడుస్తారు. మీరు వెనక సంచి మోయండి. కథ వాళ్లు చెబుతారు, మీరు నోరు మెదపొద్దు, ఒక ముక్క తప్పు చెప్పినా సరే. తిరిగొచ్చే దారిలో మాట్లాడుకోవచ్చు. కూడిక ఏ రోజు, ఎవరింట్లో అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. రొట్టె, ద్రాక్షారసం కూడా వాళ్ల చేతులతోనే పంచనివ్వండి. మీ డినామినేషన్ నియమం ఒప్పుకోదంటే ముందు ఆ నియమం సంగతి మీ పెద్దలతో తేల్చుకుని రండి. ఆ ఊరికి మీ సంస్థ బోర్డు పంపకండి, మీ ఫొటో ఉన్న క్యాలెండరు అసలే వద్దు.

మూడో ఊరికి మీరు వెళ్లనే వద్దు. రెండో ఊరివాళ్లు వెళ్తారు. మీకు తెలిసేది నెలకోసారి, గుణుపూర్‌లో పెద్దలందరినీ కూర్చోబెట్టే గురువారం. సంతకు దిగే రోజు కాకుండా మర్నాడు పెట్టుకోండి, అమ్ముడుపోయిన సరుకు డబ్బు చేతిలో ఉంటుంది కాబట్టి బస్సు ఛార్జీ మిమ్మల్ని అడగరు. ఆ రోజు మూడు సంగతులే అడగండి: ఏ కథ చెప్పారు, ఎవరు జబ్బుగా ఉన్నారు, కొత్తగా ఎవరింటికి వెళ్లారు. జవాబులు నోట్‌బుక్‌లో రాసేది మీరు కాదు, వాళ్లలో చదువు వచ్చిన ఒక ఆడపిల్ల. నోట్‌బుక్ కూడా ఆ అమ్మాయి దగ్గరే ఉండనివ్వండి.